రంగుల మేస్త్రి నల్లకోటు

గాట్‌లోబ్ రెక్సింగర్ గురించి చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఆయన పేరెత్తితే మా ఊళ్ళో సగం మంది దేవుడిలాంటి మనిషి అంటారు, మిగతా సగం మూతి తిప్పుకుంటారు. రెండూ వినీ వినీ విసుగొచ్చి చెబుతున్నాను. ఆయన పక్కింట్లో ముప్ఫై రెండేళ్ళున్నాను. కుట్టుపని చేసుకుని బతికినదాన్ని. నా కళ్ళు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి, నోరు అంతకంటే బాగా పనిచేస్తుంది.

ఏటి ఒడ్డున ఉన్న అద్దకం మిల్లులో ఆయన రంగులు కలిపే మేస్త్రి. ఆ గదిని పనివాళ్ళు రంగుల వంటిల్లు అనేవారు. నిజంగానే వంటిల్లులా ఉండేది: కాగులు, గరిటెలు, ఆవిరి, మాడు వాసన. ఏ రంగులో ఏది ఎంత పడాలో ఆయన కాగితం మీద పెట్టేవాడు కాదు, అంతా బుర్రలోనే. ఒక్క అలవాటు మాత్రం ప్రాణంలా పట్టుకున్నాడు. ఏ గుడ్డనూ దీపం కింద చూసి బాగుంది అనేవాడు కాదు, ఎండలోకి తీసుకెళ్ళీ చూసేవాడు కాదు. ఉత్తరం వైపు కిటికీ దగ్గర పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసి, అప్పుడు తలాడించేవాడు. ఎండ రంగుని మార్చి చూపిస్తుందట, ఉత్తరపు వెలుగు ఉన్నదున్నట్టు చూపిస్తుందట. నేను పండగకి రిబ్బను కొనుక్కొచ్చినా సరే, "అది ఉత్తరం కిటికీ దగ్గర చూశావా?" అని అడిగేవాడు. రిబ్బనుకి కూడా దిక్కులు చూడాలా మేస్త్రీ అని తిట్టేదాన్ని.

మొదట్లో మిల్లులో ఆడవాళ్ళ నీలం ఏప్రన్ల మీద తెల్లపూలు వేసేవాళ్ళు. 1931లో సైన్యం నుంచి కొత్త పని వచ్చింది. మూడు మూలల గుడారపు గుడ్డ. ఒక్క సిపాయి దాన్ని వానకి కప్పుకోవచ్చు, నలుగురు కలిసి నాలుగు గుడ్డలకీ గుండీలు పెట్టుకుంటే గుడారమవుతుంది. దాని మీద వేయాల్సిన బొమ్మని చూసి ఊరంతా నవ్వారు. ఇసుక రంగు నేల మీద గోధుమరంగు, ఆకుపచ్చ ముక్కలు, అన్నీ పగిలిన గాజు పెంకుల్లా కోసుగా, పైన సన్నటి ఆకుపచ్చ గీతలు వాన పడుతున్నట్టు. "ఇది వేసుకుంటే శత్రువు నవ్వి చస్తాడు" అన్నాడు మా ఆయన. అప్పటికింకా బతికే ఉన్నాడు.

గాట్‌లోబ్ మాత్రం నవ్వలేదు. పెరట్లో కంచె మీద ఆ గుడ్డని ఆరేసి, నన్ను వీధి చివరికి నడిపించుకెళ్ళి, "ఇప్పుడు చెప్పు, ఎక్కడుందది?" అన్నాడు. నాకు కంచె కనిపించింది, రేగుపొద కనిపించింది, గుడ్డ కనిపించలేదు. ఆయన మొహంలో సంతోషం చూడాలి. ఆ సంతోషాన్ని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను, కానీ ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

పైనుంచి వచ్చినవాళ్ళు ఆ గుడ్డని ఉడకబెట్టారు, సబ్బుతో బాదారు, నెలల తరబడి ఎండలో వేలాడదీశారు. రంగు కదల్లేదు. గుడ్డ చిరిగినా నా రంగు పోదు లూయిజా అని ఆ సాయంత్రం ఒక గ్లాసు పులిసిన ఆపిల్ రసం ఎక్కువే తాగాడు. మొదటి తానులోంచి నాలుగు గుడ్డలు జ్ఞాపకంగా ఇంట్లో దాచుకున్నాడు. మంచి నూలు, చేత్తో వేసిన అచ్చు.

యుద్ధం వచ్చాక చేతి అచ్చులు పోయి రోలర్లు వచ్చాయి. గుడారాలతో సరిపెట్టుకోలేదు, తలమీంచి తొడుక్కునే చొక్కాలు, టోపీల మీద తొడుగులు. ఒక పక్క వసంతానికి ఆకుపచ్చ, తిరగేస్తే శరత్తుకి గోధుమరంగు. ఆకుల మచ్చలతో ఇంకో రకం గుడ్డ కూడా కొన్నాళ్ళు మా మిల్లుకి వచ్చింది. అది జనాన్ని శిబిరాలకి తోలుకుపోయే పుర్రె గుర్తు టోపీల దళానికని మాకు తెలుసు. తెలియదని తర్వాత ఊరంతా అంది, నేనూ అన్నాను. మిల్లు కుట్టుగదిలో కూర్చుని దాని కాజాలు కుట్టింది నేనే. నలభై రెండులో ఉక్రెయిన్ నుంచి ఆడపిల్లల్ని పట్టుకొచ్చి తొట్ల దగ్గర పెట్టారు. క్షారంలో వాళ్ళ చేతులు ఎర్రగా పొక్కిపోయేవి. గాట్‌లోబ్ మేనేజరు దగ్గరికెళ్ళి చేతులకి తొడుగులు అడిగాడు. లేవన్నారు. మళ్ళీ అడగలేదు. నేను కిటికీలోంచి ఆ చేతులు చూసేదాన్ని, చూసి సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని. 

ఆయనకి ఒక్కడే కొడుకు, ఓయిగన్. కోడలు హెడ్విగ్, మనవరాలు ఇర్మెల. నలభై రెండు శరత్తులో ఓయిగన్ సెలవు మీద వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం నన్నూ భోజనానికి పిలిచారు. పప్పు, నూడుల్స్, ఒక్కొక్కరికి సగం సాసేజి. ఓయిగన్ తన గుడారపు గుడ్డ విప్పి చూపించాడు.

"నాన్నా, ఇది నువ్వేసిందేనా చూడు."

గాట్‌లోబ్ దాన్ని ఉత్తరం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "నాదే. ఇది కప్పుకుని పొద కింద కూర్చో, నీ పెళ్ళాం వచ్చి వెతికినా కనపడవు. నాది పూచీ."

"ఆవిడ కంటికి కనపడకుండా ఉండే గుడ్డ ఉంటే పెళ్ళప్పుడే కొనుక్కునేవాణ్ణి కదా" అన్నాడు ఓయిగన్. హెడ్విగ్ గరిటెతో వాడి భుజం మీద ఒకటిచ్చింది. అందరం నవ్వాం.

నలభై నాలుగు ఫిబ్రవరిలో వాళ్ళ కెప్టెన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఓయిగన్‌ని పొదల్లో కాపలా ఉండగా కాల్చారు. పెట్టెలు లేవు కాబట్టి అతని గుడారపు గుడ్డలోనే చుట్టి గౌరవంగా పూడ్చామని రాశాడు. అది చదివినప్పటినుంచి హెడ్విగ్ మామగారితో మాట్లాడటం మానేసింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఏం చెప్పాలన్నా ఇర్మెలకి చెప్పేది: "సూపు చల్లారుతోందని మీ తాతకి చెప్పు." తాత మూడడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. మూడో ఏడు వచ్చినా ఆయన ఒక్కసారి కూడా అలిగినట్టు కనిపించలేదు, లేచి వెళ్ళి సూపు తాగేవాడు.

యుద్ధం అయిపోయింది. మిల్లు మూతపడింది. సైన్యపు బట్టలు రంగు మార్చకుండా వేసుకుంటే కుదరదని, ఊరిని పట్టుకున్న అమెరికా వాళ్ళు గోడల మీద కాగితాలు అంటించారు. జనానికి ఇంకేం బట్టలున్నాయి? అంతా గాట్‌లోబ్ పెరట్లోకి మోసుకొచ్చారు. బట్టలుతికే కాగులో, చెట్ల వేళ్ళూ మొద్దులూ ఏరుకొచ్చి మంట పెట్టి, ఒక్కో కోటూ ముంచేవాడు. దొరికింది నల్లరంగు ఒక్కటే. ఆ చలికాలం మా ఊరు ఊరంతా శవం వెనక బయల్దేరినట్టుండేది. ఆయనకప్పటికి అరవై ఆరు, నడుం వంగిపోయింది. కాగు పక్కనే బోర్లించిన బకెట్ మీద కూర్చుని నిద్రపోయేవాడు, నేను వెళ్ళి లేపేదాన్ని.

నలభై ఆరులో ఇర్మెలకి పద్నాలుగు వచ్చాయి. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చిలో అందరి ముందూ విశ్వాసం ఒప్పుకుని, మొదటిసారి ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసం, తీసుకోవాలి. అది కాకపోతే బడి ముగిసినట్టు కాదు, ఎక్కడా పనిలో పెట్టుకోరు. పిల్లకి మే నెలనుంచి చర్చి సేవ చేసే డీకనెస్ అమ్మల ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి చోటు ఖాయమైంది. చర్చి కాగితం తెస్తేనే చేర్చుకుంటాం అన్నారు. ఆ రోజుకి ఆడపిల్ల నల్లగౌను వేసుకోవాలి. రంగు గౌను వేసుకుని పీఠం ముందు నిలబడ్డ పిల్ల మా ఊళ్ళో ఇంతవరకు లేదు. హెడ్విగ్ నల్లగౌను ఉండేది, అది కిందటేడే కొండమీది రైతుకిచ్చి బంగాళాదుంపలు తెచ్చుకుంది. బట్టల రేషన్ కార్డు మీద దొరికినవి రెండు చేతిరుమాళ్ళు.

గాట్‌లోబ్ దగ్గర దాచుకున్న నాలుగు గుడ్డలూ ఉన్నాయి. ఆ మాట ఆయన ఎత్తగానే హెడ్విగ్ కుండ కింద పెట్టేసింది.

"ఇర్మెలా, ఆ గుడ్డ నీ ఒంటిమీద పడటానికి వీల్లేదని మీ తాతకి చెప్పు."

"ఆనవాలు లేకుండా చేస్తానని మీ అమ్మకి చెప్పు తల్లీ. నల్లగా, ఒట్టి నల్లగా చేస్తాను. నా మాట."

"మీ తాత మాట ఒకసారి విన్నానని చెప్పు."

పిల్ల నా మొహం చూసింది. నేనే కల్పించుకుని, "పోనీ చూద్దాం హెడ్విగ్, వేరే దారి ఉంటే నువ్వే చెప్పు" అన్నాను. దారి లేదు. ఆమె సరేననలేదు, కాదనీ అనలేదు.

నాలుగు వారాలు పట్టింది. ముందు పరీక్షకి, ఎవరో ఇచ్చిన యుద్ధం చివరి రోజుల గుడారపు గుడ్డ ఉడకబెట్టాడు, అది చెక్కగుజ్జుతో చేసిన నూలు. రంగు వదిలింది, గుడ్డ కూడా గంజిలా జారిపోయింది. మిగిలింది తన మంచి గుడ్డే. దాన్ని క్షారంలో వేశాడు, గంధకం కంపు కొట్టే పొడిలో వేశాడు. ఆకుపచ్చ కాస్త వెలిసింది, గోధుమరంగు కదల్లేదు. "పోవే, పో" అని దాన్ని కర్రతో పొడుస్తూ గొణిగేవాడు. తన పనితనాన్ని తనే తిట్టుకోవడం అంతకు ముందు నేనెక్కడా చూడలేదు. చివరికి దాని పైనే మూడుసార్లు నలుపెక్కించాడు. రెండు గుడ్డలతో ముందు తనకే ఒక పొట్టికోటు కుట్టించుకుని, రంగు దిగుతుందేమోనని ఫిబ్రవరి, మార్చి అంతా తొడుక్కుని తిరిగాడు. మంచు, ముసురు, బూడిదరంగు ఆకాశం. దిగలేదు. మిగతా రెండూ ఉత్తరం కిటికీ దగ్గర పట్టుకుని నన్ను పిలిచాడు.

"చూడు లూయిజా. ఏమన్నా కనిపిస్తోందా?"

బొగ్గులా నల్లగా ఉంది. గౌను నేనే కుట్టాను, మెడకి మా అమ్మ లేసు పెట్టాను.

మట్టల ఆదివారానికి ముందు శనివారం పొద్దున, ఆ వసంతంలో మొదటి గట్టి ఎండ కాసింది. పిల్లకి గౌను తొడిగి వంటింట్లో చూశాం, చక్కగా ఉంది. హెడ్విగ్ కళ్ళు కూడా మెత్తబడ్డాయి. ఇర్మెల ఆగలేక పెరట్లోకి పరిగెత్తి, ఎండలో గిర్రున తిరిగింది.

ముందు నేను చూశాను. వీపు మీద, నడుం దగ్గర, కుచ్చుల్లో, పెంకుల్లాంటి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. నలుపు నలుపే, కానీ కింద పాత అచ్చు పడ్డ చోట మెరుస్తోంది, లేనిచోట మెరవడం లేదు. సన్నటి వానగీతలతో సహా కనిపిస్తున్నాయి. ఏదో ఒకటి చెప్పి పిల్లని లోపలికి లాగుదామనుకున్నాను. అప్పటికే హెడ్విగ్ గుమ్మంలో నిలబడి ఉంది.

గాట్‌లోబ్ కట్టెలెత్తుకుని వచ్చి, మా మొహాలు చూసి వాటిని కింద పెట్టాడు. పిల్లని భుజాలు పట్టి నీడలోకి జరిపాడు, నలుపు. ఎండలోకి జరిపాడు, మళ్ళీ అదే. రెండుమూడుసార్లు అలా అటూ ఇటూ జరిపాడు. తర్వాత తన చెయ్యి చాచి, తన కోటు చేతిని చూసుకున్నాడు. దానిమీదా అదే.

"నేను ఎండలో చూడలేదు" అన్నాడు. "నలభై ఏళ్ళనుంచి ఎప్పుడూ ఎండలో చూడలేదు, లూయిజా."

రంగు తెలియనివాడెవడైనా ముందు ఆ గుడ్డని బయటికి తీసుకెళ్ళి చూసేవాడు. అంత తెలిసినవాడు కాబట్టి చూడలేదు. నాకు ఆయన మీద జాలీ వచ్చింది, పట్టుకుని చెంప వాయించాలనీ అనిపించింది.

హెడ్విగ్ రెండేళ్ళ తర్వాత ఆయన మొహంలోకి సూటిగా చూసి మాట్లాడింది. అరవలేదు. "అప్పుడూ పూచీ అన్నారు. ఓయిగన్ కనపడడన్నారు. కనపడ్డాడుగా. ఆ కాల్చినవాడికి కనపడబట్టేగా చంపాడు. ఇప్పుడు నా పిల్లని పీఠం ముందు ఇందులో నిలబెట్టమంటారా? అది వెళ్ళదు. ఆసుపత్రీ వద్దు, ఏమీ వద్దు. విప్పవే గౌను."

ఇర్మెల నోట్లో లేసు కుక్కుకుని ఏడ్చింది, చప్పుడు రాకుండా. రేపు పదకొండు మంది పిల్లలు వరసగా నిలబడతారు, ఇది ఇంట్లో కూర్చుంటుంది. 

గాట్‌లోబ్ లోపలికెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. వచ్చేటప్పుడు చేతిమీద ఆయన నల్లకోటు, ప్యాంటు ఉన్నాయి. మా దగ్గర మగవాడికి జీవితంలో అలాంటి జత ఒక్కటే. పెళ్ళి అందులో, భార్యని మట్టిలో పెట్టింది అందులో, ప్రతి పండక్కీ అందులోనే, చివరికి పెట్టెలో పడుకునేదీ అందులోనే. అసలైన ఉన్ని, కర్పూరం వాసన.

"దీన్ని కొయ్యి, లూయిజా."

"మేస్త్రీ! ఏమన్నా మతుండే మాట్లాడుతున్నారా? మీరు పోయిన రోజున..."

"పోయాక నన్నెవరు చూస్తారు? కొయ్యి. పిల్ల బక్కగానే ఉంది, సరిపోతుంది." హెడ్విగ్ వైపు తిరిగాడు. "దీనికి రంగు నేనెయ్యలేదమ్మా. మా పెళ్ళికి మా మామగారు కొనిచ్చింది. దీన్లో ఏమీ లేదు, ఎండలో చూసుకో."

హెడ్విగ్ నిజంగానే దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసింది. కావాలని చేసిందో అలవాటుగా చేసిందో నాకు తెలియదు. వచ్చి కత్తెర నా చేతికిచ్చింది. కోటు వెనకభాగం పైకీ ప్యాంటు కాళ్ళు కుచ్చులకీ పెట్టి, ఇద్దరం రెండు వైపులనుంచీ కుట్టుకొచ్చాం. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తూ చూస్తూ అలాగే నిద్రపోయాడు. దీపాలు పెట్టే వేళకి గౌను అయిపోయింది.

మర్నాడు కూడా ఎండ విరగకాసింది. చర్చి మెట్ల దగ్గర గాట్‌లోబ్ ఆ పొట్టికోటులోనే వచ్చాడు, ఇంకేముంది ఆయనకి? నేను చెవిలో చెప్పాను: "పైన మగవాళ్ళు కూర్చునే బాల్కనీలో స్తంభం వెనక కూర్చోండి మేస్త్రీ. అక్కడ ఎండ పడదు. ఎవరూ ఏమనుకోరు."

"తాత కూర్చునేది ముందు వరసలో."

"ఇవాళ్టికి దాక్కుంటే ఏం పోయింది?"

"దాక్కునే ఓపిక లేదు, లూయిజా" అన్నాడు. గొప్ప కోసం అనలేదు. నిజంగానే ఓపిక లేదు, మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నాడు.

ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక మనిషి పట్టే చోటు వదిలి హెడ్విగ్. నేను వెనక. మొదటి కీర్తన అయ్యేదాకా ఏమీ లేదు. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టాక ఎండ దక్షిణపు కిటికీల్లోంచి దిగి, ఒక్కో బల్లా దాటుకుంటూ ముందు వరసకి వచ్చింది. ముసలాయన వీపు మీద పెంకులు లేచాయి. అంత దగ్గరగా, అంత స్పష్టంగా నేను మిల్లులో కూడా చూడలేదు. నా పక్కనున్న ఆవిడకి ఇద్దరు కొడుకులు పోయారు, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుసగుస ఒక వరసనుంచి ఇంకో వరసకి పాకింది. మా అందరి ఇళ్ళలోంచీ ఎవరో ఒకరు ఆ గుడ్డ కప్పుకునే వెళ్ళారు. ఆ కాజాలు కుట్టినదాన్ని నేనూ తలెత్తలేకపోయాను. ఆయనకి గుసగుస వినిపించే ఉంటుంది. వెనక్కి తిరగలేదు, జరగలేదు. ఇర్మెల తన వచనం తడుముకోకుండా చెప్పింది. దాని గౌను నల్లగా ఉంది, ఎండలోనూ నల్లగానే ఉంది.

బయటికొచ్చాక ఫొటోలు తీసే ఎప్లె అనే ఆయన కుటుంబాల్ని ఒక్కొక్కరినీ నిలబెడుతున్నాడు. ఇర్మెలని మధ్యలో పెట్టి, ఒక పక్క తల్లిని, ఒక పక్క తాతని నిలబెట్టి, కెమెరా మీది నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టాడు.

"మేస్త్రీ, కాస్త ఆ చెట్టు నీడలోకి, వెనక్కి జరుగుతారా? మీ కోటు మీద అదంతా ఫొటోలో పడుతోంది. పిల్లకి జీవితాంతం ఉండే ఫొటో."

గాట్‌లోబ్ తలాడించి, వెనక్కి అడుగేశాడు. అలిసిపోయిన మనిషి, ఎటు జరగమంటే అటు జరిగేవాడు.

హెడ్విగ్ పిల్ల వెనకనుంచి చెయ్యి చాచి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఉండండి" అంది. తర్వాత ఎప్లె వైపు చూసి, "ఎండలోనే తియ్యండి. కనపడనివ్వండి" అంది.

ఆ మాట క్షమించి అందో, శిక్ష వేసి అందో చాలా ఏళ్ళు ఆలోచించాను. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా. "నాకూ తెలీదు అక్కా. ఆ వేళ వదల్లేకపోయాను, అంతే" అంది. ఎప్లె మూడు లెక్కపెట్టేదాకా ముసలాయన ఎండలో కదలకుండా నిలబడ్డాడు, ఆమె చెయ్యి ఆయన కోటు చేతి మీదే ఉంది.